ఎనభై దగ్గర గీసిన గీత

2012 నవంబర్ 30న టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో సీసం కొలిమి ఆరిపోయింది. పాత డౌన్‌టౌన్‌కు దగ్గర్లో, స్టీవర్ట్ క్రీక్ వాగు పక్కన, 1964 నుంచి పాత బ్యాటరీలను పగలగొట్టి అందులోని సీసం కరిగించిన కర్మాగారం అది. చేతులు మారి చివరికి ఎక్సైడ్ కంపెనీ కిందికి వచ్చింది. అది మొదలైన నాటికి ఫ్రిస్కో రెండు వేల జనం కూడా లేని పల్లెటూరు. మూతపడే నాటికి జనాభా లక్ష దాటింది. ఆ లక్షలో మన తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. కర్మాగారం చుట్టూ ఉన్న దాదాపు 180 ఎకరాల ఖాళీ భూమిని 4.5 కోట్ల డాలర్లకు కొంటామని నగరం ఒప్పుకుంది, అందుకు బదులుగా కంపెనీ కొలిమి ఆపేసింది. మరుసటి ఏడాది జూన్‌లో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది.

ఆ కొలిమిని ఆర్పించింది ఒక అంకె. ఘనపు మీటరు గాలిలో సీసం 1.5 మైక్రోగ్రాములు మించకూడదని 1978లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ గీసిన గీత ముప్పై ఏళ్ళపాటు కదల్లేదు. 2008 అక్టోబరులో అది ఒక్కసారిగా 0.15కి దిగింది, అంటే పదో వంతుకు. పాత లెక్కలో గట్టెక్కిన గాలి కొత్త లెక్కలో తప్పింది. కొత్త గీత దాటిన ప్రాంతాల మొదటి జాబితా 2010 నవంబరులో వెలువడితే, టెక్సాస్ మొత్తంలో అందులోకి ఎక్కింది ఈ కర్మాగారం చుట్టుపక్కల నేల ఒక్కటే. దగ్గర్లో కాపురమున్న తల్లిదండ్రులు సంఘం కట్టి, సభలకు వెళ్ళి, నిలదీశారు. రెండేళ్ళలో కథ ముగిసింది.

ఇక్కడే చాలామందికి ఒక అనుమానం కలుగుతుంది. నిన్న క్షేమమని చెప్పిన సైన్సే ఇవాళ ప్రమాదమంటోంది. రేపు ఇంకో మాట అనదని ఏమిటి నమ్మకం? ఎవరి చేతిలో అధికారముంటే వాళ్ళు గీసిన గీతే శాస్త్రమా? మనిషితో, డబ్బుతో, కోరికతో సంబంధం లేని జ్ఞానమంటూ ఒకటి అసలు సాధ్యమేనా? విజ్ఞానతత్వం చదివినవాళ్ళు వందేళ్ళుగా తలపట్టుకున్న ప్రశ్న ఇది. దీనికి జవాబు గ్రంథాల్లోకంటే సీసం చరిత్రలోనే బాగా దొరుకుతుందని నా నమ్మకం. ఆ చరిత్రలో ఒక నిశ్చయం పుట్టింది, నలభై ఏళ్ళు ఏలింది, కూలిపోయింది. దాన్ని కట్టినవాడు అబద్ధాలకోరు కాదు. అందుకే ఆ పతనం తలచుకుంటే బాధ కలుగుతుంది.

1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ పరిశోధకుడు థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపితే ఇంజిన్ టకటకలు ఆగుతాయని కనిపెట్టాడు. 1923 ఫిబ్రవరిలో ఒహాయోలోని డేటన్‌లో ఆ పెట్రోలు అమ్మకానికి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో దాన్ని తయారుచేస్తున్న కూలీలకు మతి చలించింది. కేకలు వేస్తూ, లేనివి కనబడుతున్నాయంటూ, కొద్ది రోజుల్లో అయిదుగురు చనిపోయారు. దేశం ఉలిక్కిపడింది. పత్రికలు దానికి పిచ్చిగ్యాసు అని పేరు పెట్టాయి. 1925 మే 20న ప్రభుత్వ ప్రజారోగ్యాధిపతి హ్యూ కమింగ్ వాషింగ్టన్‌లో సమావేశం పిలిచాడు. సీసాన్ని ఊరందరి ఊపిరిలోకి వదలవద్దని హార్వర్డ్ వైద్యురాలు ఆలిస్ హామిల్టన్, యేల్ ఆచార్యుడు యాండెల్ హెండర్సన్ మొత్తుకున్నారు. పరిశ్రమ తరఫున నిలబడ్డ వైద్యుడికి అప్పుడు ముప్పై ఒక్కేళ్ళు. పేరు రాబర్ట్ కీహో.

కీహో కష్టజీవి. సీసం తాకే కార్మికుల మలమూత్రాలు, తాకని వాళ్ళవి పక్కపక్కన పెట్టి కొలిచాడు. రెండు వైపులా సీసం కనిపించింది. తాకని వాళ్ళ ఒంట్లోనూ ఉందంటే అది మనిషికి మామూలే అనుకున్నాడు. ఆ తాకనివాళ్ళు కూడా అదే ఆవరణలో పనిచేసేవాళ్ళని, వాళ్ళ ఊపిరిలోకీ అదే ధూళి వెళ్ళిందని అంటే ఆయన చెవికెక్కలేదు. ఇప్పుడున్న ఆధారాలతో నిషేధించడం కుదరదని, అయితే ప్రభుత్వం తన ఖర్చుతో పరిశోధన కొనసాగించాలని 1926 జనవరిలో నిపుణుల కమిటీ తేల్చింది. మధ్యలో ఆగిన పెట్రోలు అమ్మకం మళ్ళీ మొదలైంది. పరిశోధన మాత్రం ప్రభుత్వం చెయ్యలేదు. ఆ సిఫారసు అమలు కానందుకు చింతిస్తున్నామని 1959లో, పెట్రోలులో సీసం పాళ్ళు పెంచుకోవడానికి సరేనంటూనే, ప్రజారోగ్య శాఖ రాసుకుంది.

ఆ ఖాళీని నింపింది కీహో ఒక్కడే. సిన్సినాటి విశ్వవిద్యాలయంలో 1930లో వెలిసిన కెటరింగ్ ప్రయోగశాలకు అధిపతి అయ్యాడు. సీసం పెట్రోలు వ్యాపారంలో ఉన్న ఇథైల్, జనరల్ మోటార్స్, డ్యూపాంట్ కంపెనీలు దాన్ని పోషించాయి. వ్యాసం అచ్చుకు వెళ్ళేముందు దాతలకు చూపి వాళ్ళ సూచనలు తీసుకోవాలని ఒప్పందంలోనే ఉంది. అక్కడ ఏళ్ళ తరబడి జరిగిన ప్రయోగాలు చిన్నవి కావు. మనుషులకు తెలిసిన మోతాదులో సీసం తినిపించి, పీల్పించి, లోపలికి పోయినదెంతో బయటికి వచ్చినదెంతో నెలలకు నెలలు లెక్కకట్టారు. మెక్సికోలో కార్లు, కర్మాగారాలు లేని మారుమూల పల్లెకు వెళ్ళి అక్కడి రైతుల నమూనాలు తెచ్చాడు. వాళ్ళ ఒంట్లోనూ సీసం ఉంది. వాళ్ళు వండుకునే మట్టిపాత్రల పూతలోనే సీసముందని ఆయనకు తెలుసు. తెలిసి కూడా, నాగరికత సోకని మనిషి ఒంట్లోనే ఉంది కాబట్టి సీసం ప్రకృతి సిద్ధమన్నాడు.

అలా నిలిచిన సిద్ధాంతానికి నాలుగు స్తంభాలు. సీసం మన ఒంట్లో సహజంగా ఉంటుంది. వచ్చినదాన్ని శరీరం తనంతట తాను బయటికి నెట్టేస్తుంది. డెసిలీటరు రక్తంలో 80 మైక్రోగ్రాములకు లోపు ఉంటే హాని లేదు. జనం ఆ 80కి ఎంతో దూరంలో ఉన్నారు. నలభై ఏళ్ళపాటు వైద్య పుస్తకాలు, ప్రభుత్వాలు, పరిశ్రమలు ఈ నాలుగింటినీ ప్రమాణంగా పట్టుకున్నాయి. ఎవరైనా ప్రశ్నిస్తే కీహో ఆధారాలు చూపమన్నాడు. ఆధారాలు పుట్టే ప్రయోగశాల ఆయనదొక్కటే.

ఆ కాలపు లోకమంతా సైన్సును ఎలా ఊహించుకుందో అలాగే నడిచాడు కీహో. తెల్లకోటు, తూకం, పట్టిక, స్వంత ఇష్టాయిష్టాలు పక్కనపెట్టిన గొంతు. ఆయన అంకెలు చాలావరకు నిజాయితీగా కొలిచినవే. మరి తప్పు ఎక్కడుంది?

1953లో అమెరికా తత్వవేత్త రిచర్డ్ రడ్నర్ ఒక చిన్న వ్యాసంలో ఈ చిక్కుముడి విప్పాడు. ఏ ఊహకైనా సాక్ష్యం నూటికి నూరుపాళ్ళు దొరకదు. ఎంత సాక్ష్యం చాలు అని శాస్త్రజ్ఞుడు ఎక్కడో ఒకచోట నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం, తప్పు జరిగితే ఎవరికి ఎంత నష్టమో తూచుకునే నిర్ణయం. బెల్టు బకిల్ నాణ్యత పరీక్షకు చాలే రుజువు మందు పరీక్షకు చాలదు. అంటే విలువలు ప్రయోగశాల గుమ్మం బయట చెప్పులతో పాటు ఆగిపోవు. కీహో దగ్గర ఈ నిర్ణయం ముందే జరిగిపోయింది. హాని ఉందని చెప్పేవాళ్ళే రుజువు తేవాలి, తెచ్చేదాకా అమ్మకం సాగుతుంది. తప్పయితే నష్టపోయేది రోడ్డు పక్కన ఆడుకునే పిల్లలు, లాభం నిలిచేది కంపెనీలకు. ఇది ఒక పక్షం ఎంచుకున్న న్యాయం. అయినా 80 అనే అంకె వెనక దాక్కుని అది కొలతలా చలామణి అయింది.

ఆ అంకెను పడగొట్టింది వైద్యుడు కాదు. భూమి వయసు లెక్కకట్టడానికి కూర్చున్న రసాయన శాస్త్రవేత్త. క్లెయిర్ ప్యాటర్సన్ 1922లో అయోవాలో పుట్టాడు. ఉల్కలోని సీసం ఐసోటోపులు కొలిస్తే భూమి పుట్టిన నాటి లెక్క తేలుతుందని గురువు ఆ పని అప్పజెప్పాడు. కొలిచిన ప్రతిసారీ అంకె మారిపోయేది. ఉల్కలో ఉండాల్సిన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ సీసం కనిపించేది. చాలామంది అక్కడ ఉల్కను అనుమానిస్తారు. ప్యాటర్సన్ తన గదిని అనుమానించాడు. గోడ రంగులో, కుళాయి నీళ్ళలో, గాజుగిన్నెలో, యాసిడ్‌లో, తన తలవెంట్రుకల్లో, బట్టల మీది ధూళిలో, అన్నిటా సీసం ఉంది. ఏళ్ళ తరబడి గదిని కడిగాడు, యాసిడ్లను తిరిగి తిరిగి శుద్ధిచేశాడు, లోపలికి వచ్చే గాలిని వడగట్టాడు. చివరికి అరిజోనాలో పడిన కాన్యన్ డయాబ్లో ఉల్క నుంచి భూమి వయసు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. 1956లో వెలువడిన ఆ అంకె ఇవాళ్టికీ నిలిచే ఉంది.

మన ఊళ్ళో నూనె కొట్టువాడు గిన్నెలో నూనె పోసేముందు ఖాళీ గిన్నెను ఒక పళ్ళెంలో పెట్టి, రెండో పళ్ళెంలో రాళ్ళు వేసి ధడా కడతాడు. ధడా తప్పితే ఆ తరవాత ఎంత జాగ్రత్తగా తూచినా ప్రతి తూకమూ తప్పే. కీహో ధడా కట్టలేదు. ఆయన ప్రయోగశాలలో సీసం, ఆయన పోలిక కోసం తెచ్చుకున్న మనుషుల్లో సీసం, వాళ్ళ వంటపాత్రల్లో సీసం. సున్నా ఎక్కడుందో తెలియకుండా మామూలు ఎంతో చెప్పాడు. లోకమంతా మురికి పట్టాక, లోకమంతా ఉన్నదే సహజం అనుకున్నాడు. జీవితాంతం అంత శ్రద్ధగా కొలిచిన మనిషి కొలతకు ముందు చెయ్యాల్సిన ఆ ఒక్క పని చెయ్యకపోవడం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

భూమి వయసు తేల్చిన చేతులతోనే ప్యాటర్సన్ సముద్రం కొలిచాడు. లోతు నీళ్ళకంటే పైనీళ్ళలో సీసం ఎక్కువగా ఉంది. అంటే అది పైనుంచి, ఇటీవలే, పడుతోంది. 1963లో అది అచ్చయ్యాక చమురు పరిశ్రమ సంస్థ ఆయనకిస్తున్న నిధులు ఆగిపోయాయి. ప్రజారోగ్య శాఖ ఒప్పందమూ పోయింది. ఆయన ఆగలేదు. గ్రీన్‌లాండ్ మంచులో పొరలు పొరలుగా తవ్వి చూస్తే, క్రీస్తుపూర్వం నాటి మంచుకూ 1960ల మంచుకూ మధ్య సీసం వందల రెట్లు పెరిగింది. 1940 తరవాత ఆ పెరుగుదల నిటారుగా లేచింది.

1965లో ఆయన ఒక వైద్య పత్రికకు సుదీర్ఘ వ్యాసం పంపాడు. మామూలు అని మీరంటున్నది సహజం కాదు, మనుషులందరం కలిసి విషం తాగుతున్నాం అని దాని సారం. ఆ వ్యాసాన్ని పరిశీలించి చెప్పమని సంపాదకురాలు పంపింది ఎవరికనుకున్నారు? కీహోకే. ఆయన దాన్ని చించి పారేయలేదు. ఈ మనిషికి వైద్యం తెలియదు, జీవశాస్త్రంలో అమాయకుడు, అయినా అచ్చు వెయ్యండి, ఈ వాదాన్ని బహిరంగంగా ఎదుర్కొని కూల్చాలి అని రాశాడు. తన మీద తనకున్న నమ్మకంతో తలుపు తానే తీశాడు. ఈ ఒక్క పనికి కీహో పట్ల నాకు గౌరవం మిగిలింది. తన సిద్ధాంతానికి చావు తెచ్చే వ్యాసాన్ని అచ్చుకు పంపింది ఆయనే.

1966 జూన్‌లో సెనేటర్ మస్కీ ఉపసంఘం ముందు ఇద్దరూ కొద్ది రోజుల తేడాతో సాక్ష్యం చెప్పారు. డెబ్బై దాటిన కీహో తన నలభై ఏళ్ళ పట్టికలు ముందు పెట్టుకుని, ఈ విషయంలో కొత్త సమాచారం తన దగ్గర తప్ప ఎక్కడా లేదన్న ధీమాతో మాట్లాడాడు. అది నిజమే. అదే నేరం కూడా. ప్యాటర్సన్ తరవాత వచ్చి, మామూలు వేరు, సహజం వేరు, ఈ రెంటినీ కలిపేశారని చెప్పాడు. కానీ అధికారం ఇంకా కీహో వైపే ఉంది. 1971లో గాలిలో సీసం మీద జాతీయ పరిశోధన మండలి వేసిన కమిటీలో, ఆ విషయం అందరికంటే బాగా తెలిసిన ప్యాటర్సన్‌కు చోటు దక్కలేదు.

ఇక్కడ టెక్సాస్ కథ కలుస్తుంది. మెక్సికో సరిహద్దులో ఎల్ పాసో ఊళ్ళో అసార్కో కంపెనీ కొలిమి ఉండేది. దాని నీడలో కూలీల వాడ, పేరే స్మెల్టర్‌టౌన్. 1972లో ప్రభుత్వ వైద్యుడు ఫిలిప్ లాండ్రిగన్ బృందం ఆ ఊరి పిల్లల రక్తం తీసి చూస్తే, కొలిమికి మైలు లోపలున్న పిల్లల్లో సగానికి పైగా 40 మైక్రోగ్రాములకు చేరుకున్నారో దాటారో తేలింది. సీసం పరిశ్రమ డబ్బుతో వచ్చిన ఇంకో వైద్యుడు అదే ఊరి పిల్లల్ని చూసి చెప్పుకోదగ్గ హాని లేదన్నాడు. ఒకే వాడ, ఒకే కాలం, రెండు తీర్పులు. ఆ వాడ ఇళ్ళు కూల్చేశారు, కుటుంబాలు తలోదిక్కూ పోయాయి. మన డాలస్ పడమటి వైపు నల్లజాతి, మెక్సికన్ కుటుంబాల మధ్య 1934 నుంచి 1984 దాకా నడిచిన సీసం కొలిమి నేలను ఆ తరవాత కేంద్రం విషపు స్థలాల జాబితాలో చేర్చి శుభ్రం చేయాల్సివచ్చింది. అక్కడ పెరిగిన పిల్లల బాల్యం తిరిగి రాలేదు.

హాని కనిపించకపోతే కొలిచే పద్ధతి మార్చాలని హెర్బర్ట్ నీడిల్మన్ అనే పిల్లల వైద్యుడికి తోచింది. రక్తంలో సీసం కొన్ని వారాల్లో దిగిపోతుంది, పంటిలో నిలిచిపోతుంది. బోస్టన్ దగ్గరి రెండు ఊళ్ళలో ఒకటో తరగతి, రెండో తరగతి పిల్లల ఊడిన పాలపళ్ళు పోగుచేశాడు. ఎక్కువ సీసమున్న 58 మంది, తక్కువ ఉన్న 100 మంది. ఎవరికీ సీసం వికారాల్లేవు, వైద్యుడు చూస్తే ఆరోగ్యవంతులే. అయినా ఎక్కువ సీసమున్న పిల్లలకు తెలివి పరీక్షలో మార్కులు తగ్గాయి. ధ్యాస నిలవడం లేదని టీచర్లు, ఆ పిల్లవాడి పంటిలో ఏముందో తెలియకుండానే, రాశారు. 1979 మార్చిలో ఇది అచ్చయింది. 80కి ఎంతో కిందనున్న పిల్లల మెదడు మెల్లగా తరుగుతోందని లోకానికి అర్థమైంది.

తరవాత నీడిల్మన్ మీద యుద్ధం జరిగింది. లెక్కలు తారుమారు చేశాడని 1991లో ఇద్దరు మనస్తత్వవేత్తలు ఫిర్యాదు చేశారు. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1992లో బహిరంగ విచారణ జరిపి మోసం లేదని తేల్చింది. కేంద్ర విచారణ కూడా 1994లో ఆయన్ను నిర్దోషి అంది. ఆయన ఎంత నలిగాడో ఊహించగలం. అయినా ఒక మాట చెప్పాలి. ఆయన లెక్కల్ని శత్రువులు, మిత్రులు, ప్రభుత్వం తిరిగి తిరిగి తవ్వారు. చివరికి సారం నిలబడింది. కీహో లెక్కలకు నలభై ఏళ్ళలో ఆ అగ్నిపరీక్ష ఒక్కసారి కూడా జరగలేదు.

నిష్పాక్షిక జ్ఞానం ఒక మనిషి మనసులో ఉండే స్వచ్ఛత కాదని, పదిమంది ఢీకొట్టినా నిలబడే గుణమని తత్వవేత్త కార్ల్ పాపర్ చెబుతూ వచ్చాడు. 1972లో వచ్చిన ఆయన పుస్తకం పేరే నిష్పాక్షిక జ్ఞానం. ఆ ఆలోచనను ఇంకో మెట్టు ఎక్కించింది మరో తత్వవేత్త హెలెన్ లాంజినో, 1990లో. విమర్శకు బహిరంగ వేదిక ఉండాలి, విమర్శ విన్నాక అభిప్రాయం మారాలి, అందరూ ఒప్పుకునే ప్రమాణాలుండాలి, మాట చెప్పే హక్కు డబ్బూ హోదాలను బట్టి కాకుండా పంచాలి. ఇవి ఉన్నచోట సమాజం నిష్పాక్షికతకు దగ్గరవుతుందంటుంది ఆమె. కెటరింగ్ ప్రయోగశాలను ఈ నాలుగింటి ముందు నిలబెట్టి చూడండి. వేదిక కంపెనీ చేతిలో ఉంది, విమర్శ చెవికెక్కలేదు, ప్రమాణం ఆయన స్వంతం, మాట చెప్పే హక్కు ఒక్కడికే. విజ్ఞాన చరిత్రకారుడు థామస్ కూన్ చెప్పినట్టు శాస్త్ర సమాజాలు ఒక చట్రంలో ఇరుక్కుంటాయన్నది నిజమే. కానీ ఆ చట్రం ఇక్కడ తనంతట తాను బిగుసుకోలేదు, డబ్బు పెట్టి బిగించారు.

సైన్సు అంతా అభిప్రాయమే అనేవాళ్ళతో నేను ఏకీభవించను. అది బాధితుల పక్షాన మాట్లాడినట్టుంటుంది కానీ, వాళ్ళ చేతిలోని ఒకే ఒక్క ఆయుధాన్ని లాగేసుకుంటుంది. స్మెల్టర్‌టౌన్ తల్లి దగ్గర వకీళ్ళు లేరు, సెనేటర్లు లేరు. ఆమె పక్కన నిలబడింది బిడ్డ రక్తంలోని సీసం. ఎవరు కొలిచినా, నిజాయితీగా కొలిస్తే, అదే వచ్చేది. 2020 డిసెంబరులో మన ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయినప్పుడు ఎయిమ్స్ మొదట రక్తంలో సీసం, నికెల్ కనిపించాయంది. పది రోజుల్లో నిపుణులు పురుగుమందుల అవశేషాలే ముఖ్య కారణమని ముఖ్యమంత్రికి చెప్పారు. జనం ఎవరిని నమ్మాలో తెలియక విసిగిపోయారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ రెండు మాటలు వినిపించాయంటే ఒకరికి మించి కొలుస్తున్నారని అర్థం. 1925లో అమెరికాకు లేనిది అదే.

పెట్రోలులోంచి సీసం తీస్తుంటే అమెరికా జనం రక్తంలోంచీ దిగిపోయింది. 1970ల చివర సగటున 12.8 మైక్రోగ్రాములున్నది 1991 నాటికి 2.8కి వచ్చింది. శరీరం సీసాన్ని తానే సర్దుకుంటుందన్న స్తంభం అక్కడ పూర్తిగా కూలింది. పిల్లల విషయంలో జాగ్రత్తపడాల్సిన గీత 60 నుంచి 1970ల మొదట్లో 40కి, 1975లో 30కి, 1985లో 25కి, 1991లో 10కి, ఫ్రిస్కో కొలిమి ఆరిన 2012లోనే 5కి, 2021లో 3.5కి దిగింది. దీన్ని చూసి సైన్సు మాట మార్చిందంటారు. నేను మాత్రం ప్రతి మెట్టు కిందా ఎవరో చేసిన కొలతను, ఎవరో వేసిన దావాను చూస్తాను. గాలిలో సీసం గీత కూడా తనంతట తాను రాలేదు. 1978 గీతకు ముందు పర్యావరణ సంఘం కోర్టుకెక్కింది. 2008 గీతకు ముందు మిజోరీలో కొలిమి పక్కన కాపురమున్న కుటుంబంతో కలిసి అక్కడి సంఘం 2004లో దావా వేసింది. అంకెలు కదిలించింది బయటివాళ్ళే.

కీహో 1992లో కన్నుమూశాడు, దాదాపు నూరేళ్ళు బతికి. తను కట్టిన నాలుగు స్తంభాల్లో ఒక్కటి కూడా నిలబడకపోవడం ఆయన కళ్ళముందే జరిగింది. అదే ఏడాది ఇద్దరు శాస్త్రవేత్తలు, పరిశ్రమలు రాకముందు మనిషి రక్తంలో సీసం డెసిలీటరుకు 0.016 మైక్రోగ్రాములే ఉండేదని అంచనా కట్టారు. ఆయన క్షేమమన్న 80, దానికి అయిదు వేల రెట్లు. ప్యాటర్సన్ 1995 డిసెంబరులో పోయాడు. మరుసటి నెల ఒకటో తేదీ నుంచి అమెరికా రోడ్ల మీద సీసం పెట్రోలు నిషేధం. భారతదేశం 2000లో మానేసింది. లోకంలో ఆఖరి బంకు అల్జీరియాలో 2021లో మూతపడింది.

ఆ వందేళ్ళలో తరిగిపోయిన తెలివిని, ఆగిపోయిన చదువుల్ని, తామేం పోగొట్టుకున్నామో తెలియకుండానే ముసలివాళ్ళయినవాళ్ళను ఎవరూ లెక్కకట్టి తిరిగివ్వలేరు. వాళ్ళ పేర్లు ఏ పట్టికలోనూ లేవు. నా దుఃఖం కీహో కోసం కంటే వాళ్ళ కోసం ఎక్కువ.

ఫ్రిస్కోలో ఉన్న మన తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఇక్కడి ఇళ్ళు చాలావరకు కొత్తవి, పాత సీసం రంగుల భయం తక్కువ. మన ప్రమాదం సూట్‌కేసులో వస్తుంది. సిందూరంలో సీసం గురించి అమెరికా ఆహార, ఔషధ సంస్థ హెచ్చరించింది. బంగ్లాదేశ్‌లో పసుపుకొమ్ములకు మెరుపు కోసం సీసపు రంగు పూసిన సంగతి 2019లో బయటపడింది. కొన్ని ఆయుర్వేద భస్మాల్లోనూ సీసం దొరికింది. పిల్లవాడికి ఏడాది నిండినప్పుడు, రెండేళ్ళు నిండినప్పుడు, డాక్టరును రక్తంలో సీసం పరీక్ష అడగండి. ఫలితం వచ్చాక నార్మల్ అన్న మాటతో ఫోను పెట్టేయకండి. అంకె ఎంతో అడిగి రాసిపెట్టుకోండి. ఈ నార్మల్ గీత ఎంత దగ్గర గీశారో, ఏ ఏడాది గీశారో కూడా అడగండి.